రెండు వందల పద్నాలుగు బారువలు

మా మేనమామ గడ్డిపాతరలోంచి మేత దొంగిలించాడని మా ఊళ్లో పాతతరం వాళ్లు ఇప్పటికీ నమ్ముతారు. పైకి అనరు. ఆయన ప్రస్తావన వస్తే "మంచి మనిషేగానీ..." అని ఆగిపోతారు. ఆ 'గానీ' నా వల్ల వచ్చింది. దొంగిలించడానికి ఆ పాతరలో అంత మేత ఎన్నడూ లేదు. లేదని ఊళ్లో అందరికంటే ముందు తెలుసుకోవాల్సిన వాణ్ణి నేను. తెలుసుకున్నాను కూడా. తెలిశాక ఏం చేశానో చెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది.

మా ఊరు చల్లపల్లికి నాలుగు మైళ్లు. నాన్న నా చిన్నప్పుడే పోతే మామయ్య ఇంట్లోనే పెరిగాను. డెబ్బైల మధ్యలో విజయవాడలో ఒక పాల సంఘంలో ఫీల్డు అసిస్టెంటుగా చేరాను. తాత్కాలికపు ఉద్యోగం. ఆఫీసు గవర్నర్‌పేటలో. నా పని మాత్రం మా చుట్టుపక్కల ఊళ్లలోనే. పాల కేంద్రాలు చూడటం, రైతులకు మేత సంగతులు చెప్పడం. అందుకని మళ్లీ మామయ్య ఇంట్లోనే ఉండి, అత్తయ్య వండింది తిని, ఆయన సైకిల్ మీదే తిరిగేవాణ్ణి.

మామయ్యకు సొంత భూమి ఎకరం లోపు. కొంత కౌలు చేసేవాడు. రెండు గేదెలు. ఆదివారం చర్చిలో కానుకల సంచి పట్టేవాడు. ఇవేవీ ఆయనకు ఊళ్లో పేరు తెచ్చినవి కావు. ఆయన గడ్డివాముల బరువు అంచనా కట్టేవాడు. కోతలయ్యాక వామి అమ్మేవాడు, కొనేవాడు ఇద్దరూ వచ్చి ఆయన్ను పిలుచుకుపోయేవాళ్లు. వామిని కాటా వేయడం ఎవరి వల్లా కాదు. మామయ్య ముడులు వేసిన తాడు ఒకటి పట్టుకెళ్లేవాడు. నడుం ఎత్తున ఒకసారి చుట్టూ తిప్పేవాడు. ఒకసారి వామి మీదుగా అవతలికి విసిరేవాడు. తర్వాత చెయ్యి లోపలికంటా దూర్చి, నడిమి గడ్డి గుప్పెడు లాగి, మెలిపెట్టి, ఒక పోచ కొరికి చూసేవాడు. ఆ తర్వాత బారువల్లో ఒక అంకె చెప్పేవాడు. ఎనిమిది వీశెలు మణుగు, ఇరవై మణుగులు బారువ. కిలోలు వచ్చి చాలా ఏళ్లయినా మా వైపు గడ్డికి బారువే.

అంకె ఒక్కసారే చెప్పేవాడు. ఆయన చెప్పాక అక్కడున్న వాళ్లెవరూ ఇంకో అంకె నోట పలకకూడదు. అది ఊరి పద్ధతి. ఎవరు పెట్టారో తెలియదు, ఆయన తండ్రి నాటి నుంచీ ఉంది. ఎక్కువైందనీ తక్కువైందనీ ఇద్దరిలో ఎవరికి అనిపించినా మనసులో ఉంచుకుని వెళ్లిపోవాలి. ఊరికి ఎడంగా ఉండే మా పేట మనిషి మాటకు ఊళ్లో పెద్ద రైతులు సైతం తల ఊపేది ఆ ఒక్క విషయంలోనే. మామయ్యకు అది ఎంత ముఖ్యమో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. వామి కొలవడానికి వెళ్లేరోజు మాత్రం చర్చి చొక్కా వేసుకునేవాడు.

మా వైపు ఎండాకాలం పశువుకు కష్టకాలం. వరి కోశాక చల్లిన పిల్లిపెసర మేత మార్చితో అయిపోతుంది. కాలువలు కట్టేస్తే మళ్లీ జూన్‌లో నీళ్లు వదిలేదాకా ఎక్కడా పచ్చ కనపడదు. ఎండుగడ్డి తిని గేదెలు పాలు తగ్గించేస్తాయి. దానికి మందుగా మా సంఘం వాళ్లు పాతర గడ్డిని ప్రచారం చేయమన్నారు. పచ్చి మేతను గోతిలో తొక్కి, గాలి తగలకుండా మూసేస్తే పులిసి నిలవ ఉంటుంది. ఎండల్లో తీసి వేసుకోవచ్చు.

డెల్టాలో గొయ్యి తవ్వడమే పెద్ద చిక్కు. మూడడుగులు తవ్వితే నీరూరుతుంది. ఊరికి ఉత్తరాన ఉన్న మెరక దిబ్బ మీద, సగం లోతు తవ్వి సగం ఎత్తు మట్టిగోడ పెట్టి పాతర కట్టాం. తొమ్మిది ఇళ్లవాళ్లు కలిశారు. అందరివీ కలిపి ఇరవై ఆరు గేదెలు. కలిసింది నన్ను చూసి కాదు, మామయ్య కలిశాడని కలిశారు. మెరక చేలో చల్లిన జొన్న డిసెంబరుకి పూతకొచ్చింది. నాలుగు రోజులు కోసి, తోలి, నరికి పోశాం. ఎడ్లను దింపి తొక్కించాం. ఆడవాళ్లూ దిగి తొక్కారు. పైన తాటాకులు, ఎండుగడ్డి పరిచి మట్టి మెత్తాం. వచ్చిన ప్రతి బండినీ మామయ్య వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. సరిగ్గా యాభై.

జనవరి చివర్లో, మేత దిగి గట్టిపడ్డాక, టేపు పెట్టి కొలిచాను. ఇరవై నాలుగు అడుగుల పొడవు, పది వెడల్పు, ఐదు లోతు. పన్నెండు వందల ఘనపుటడుగులు. ఆఫీసు వాళ్లిచ్చిన ఇంగ్లీషు పుస్తకంలో ఘనపుటడుగు పాతర గడ్డి ఎంత తూగుతుందో ఒక పట్టిక ఉంది. దాన్ని చూసి నా నోటుబుక్కులో నలభై అని ఎక్కించుకున్నాను. అంకె ఒక్కటే ఎక్కించాను, పక్కన ఏమీ రాయలేదు. మా ఆఫీసులో అన్నీ కిలోలే కాబట్టి అవీ కిలోలే అనుకున్నాను. నలభై ఎనిమిది వేల కిలోలు వచ్చింది. గేదెకు రోజుకు ఇరవై కిలోల చొప్పున ఇరవై ఆరింటికి తొంభై రోజుల పైన సరిపోతుంది. ఏప్రిల్ ఒకటిన తెరిస్తే జూన్ ఆఖరు దాకా దిగుల్లేదు. బారువల్లోకి మారిస్తే రెండు వందల పద్నాలుగు. నా లెక్క చూసుకుని నేనే మురిసిపోయాను.

ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర మామయ్యకు చెప్పాను. ఆయన ముద్ద కలుపుతున్నవాడల్లా ఆపాడు.

"నూరు బారువల్రా. నూరు దాటదు," అన్నాడు.

పుస్తకం ప్రకారం రెండు వందల పద్నాలుగన్నాను.

"పోసింది యాభై బండ్లు. రెండొందలు రావాలంటే బండికి నాలుగు బారువలు ఎత్తాలి. నాలుగు ఎత్తితే ఇరుసు నిలబడుద్దా?"

పచ్చి జొన్నలో నీరెక్కువనీ, బండి మీద తేలిగ్గా కనపడుతుందనీ, తొక్కితే బరువు తెలుస్తుందనీ ఏదేదో చెప్పాను. తొక్కితే బరువు పెరగదని నాకా క్షణాన తోచలేదు. ఎండుగడ్డి చూసిన కళ్లతో పచ్చిమేత అంచనా వేస్తే ఎలా అని కూడా అన్నాను. అత్తయ్య నా వైపు ఒక చూపు చూసి మజ్జిగ తేవడానికి లేచింది.

"పుస్తకం నువ్వే చదివావా, ఇంకెవరన్నా చెప్పారా?" అన్నాడు మామయ్య.

"నేనే చదివాను మామయ్యా."

"అయితే సరే," అని మళ్లీ అన్నం కలుపుకున్నాడు.

అంకె ఊళ్లో చెప్పాల్సిన అవసరం ఆ వారంలోనే వచ్చింది. విజయవాడలో భవానీపురం వైపు గేదెల దొడ్లు పెట్టుకున్నవాళ్లు ఎండుగడ్డి కోసం లారీలతో మా ఊరొచ్చారు. పాతరలో మేత చాలినంత ఉంటే వాములు అమ్మేసుకోవచ్చు. లేకపోతే ఉంచుకోవాలి. తొమ్మిది ఇళ్లవాళ్లూ పాల కేంద్రం షెడ్డు దగ్గర చేరారు. నేను లెక్క చదివాను. అంతా మర్యాదగా విన్నారు. ఒక రైతు లేచి, "ఫీల్డు గారి లెక్క కాయితం మీద బానే ఉందండీ. పెద్దాయన నోటితో చెబితే మాకు నిబ్బరం," అన్నాడు.

మామయ్య లేచాడు. నా వైపు చూడలేదు. "రెండు వందల పద్నాలుగు బారువలు," అన్నాడు.

ఒకరిద్దరు నవ్వారు. "పద్నాలుగేంటి పెద్దాయనా, నీ అంకెకి ఎప్పుడూ తోకుండదే?" అన్నారెవరో.

"ఇది చదువుకున్న తోకలే," అన్నాడు.

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. తన అంకెను మింగి నా అంకెను తన నోట పలికాడని అక్కడ నాకొక్కడికే తెలుసు. గర్వపడ్డాను. మేనమామ నా చదువుకు విలువిచ్చాడనుకున్నాను. వారం తిరిగేసరికి వాములన్నీ లారీలెక్కి వెళ్లిపోయాయి.

పాతర తెరిచిన రోజు బాగానే ఉంది. నానబెట్టిన చింతపండు వాసన, దాని వెనక కాస్త కల్లు వాసన. మొదట గేదెలు మొహం తిప్పుకున్నాయి. మూడో రోజుకల్లా తాళ్లు తెంపుకునేలా లాగసాగాయి. ఒకే గేదె ఉన్న ఒకావిడ, "మాది సాయంత్రానికి కల్లు పాక నుంచి వచ్చినదానిలా ఊగుతా వస్తంది పెద్దాయనా, రేపు కల్లు తాపానని నా మీద కేసు పెడతారేమో," అని నవ్వించేది. మేత పంచే పని మామయ్యది. ఉదయం ఒక గంప, సాయంత్రం ఒక గంప ప్రతి గేదెకూ కొలిచి వేసేవాడు. తీసిన చోటు మళ్లీ తాటాకుతో మూసేది ఆయనే. పాలు ఆ నెల తగ్గలేదు. ఆఫీసులో నన్ను మెచ్చుకున్నారు. ఉద్యోగం పర్మనెంటు చేసే కాగితం కదిలిందన్నారు.

మే మొదటి వారంలో మామయ్య నన్ను దిబ్బ మీదికి తీసుకెళ్లి వెనక గోడ చూపించాడు. చేతికర్ర దూరిస్తే మట్టి తగులుతోంది. ఇంకో నాలుగు రోజులకే పాతర అడుగు కనపడింది. నలభై రోజులు. తొంభై రావాల్సింది నలభై.

ఎండలు ముదిరాయి. కాలువలో బురద ఎండి పలకలైపోయింది. వాములు అమ్మేసుకున్నారు, పాతర ఖాళీ. తొమ్మిది ఇళ్లలోనూ తర్జనభర్జన మొదలైంది. అంకె తప్పిందేమోనని ఎవరికీ తట్టలేదు. మామయ్య అంకె ఏనాడూ తప్పలేదు, తప్పిందని అనే పద్ధతీ లేదు. రెండు వందల పద్నాలుగు బారువలు లోపలికి వెళ్లినమాట ఖాయం. నూరు బయటికి వచ్చింది. మిగతా నూటపద్నాలుగు ఎక్కడికి పోయింది? పంచింది ఎవరు? మూసింది ఎవరు? అంకె తప్పదు కాబట్టి మనిషే తప్పాడనుకున్నారు. అలా అనుకోవడానికి మా పేట మనిషి కావడం కూడా కొంత సులువు చేసింది. నవ్వించిన ఆవిడే తన గేదెను చల్లపల్లి వాళ్లకు అమ్మి తోలేసి వచ్చి మా గడప ముందు నిలబడింది. "నా గేదె నోటికాడిది ఎవడి దొడ్లో తోలావయ్యా? ప్రభువు సంచి పట్టే చేత్తోనే పట్టుకెళ్లావా?" అంది. మామయ్య, పక్కనే నేనూ అరుగు మీద కూర్చుని విన్నాం. అత్తయ్య లోపల తలుపు చాటున నిలబడింది.

మర్నాడు నేను ఆఫీసుకు బయల్దేరాను. జరిగింది రిపోర్టు రాసి ఇవ్వమని కబురొచ్చింది. బస్సులో పట్టిక ఇంకోసారి చూసుకుందామని పుస్తకం తెరిచాను. కొలతలు మళ్లీ గుణించాను, సరిపోయాయి. అప్పుడు పట్టిక తల మీద చిన్న అక్షరాల్లో ఉన్న మాట కనిపించింది. పౌండ్లు. నలభై పౌండ్లు. అంటే పద్దెనిమిది కిలోలు. నలభై ఎనిమిది వేల పౌండ్లను రెండు పాయింటు రెండుతో భాగించాను. సుమారు ఇరవై రెండు వేల కిలోలు. బారువల్లోకి మార్చాను. తొంభై ఏడు వచ్చింది. మామయ్య నూరు దాటదన్నాడు.

బస్సు ఎక్కడో ఆగి టీకి దింపింది. నేను దిగలేదు. వెనక్కి వెళ్లే బస్సు ఎదురుగా నిలబడి ఉంది. అది ఎక్కితే సాయంత్రానికల్లా షెడ్డు దగ్గర నిలబడి నిజం చెప్పి ఉండొచ్చు. అది కదిలి వెళ్లిపోయేదాకా చూశాను.

ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చుని రిపోర్టు రాశాను. పాతర కొలతలు సరైనవనీ, నిలవ అంచనా పట్టిక ప్రకారమే వేశామనీ, కొరత పంపిణీలోని అశ్రద్ధ వల్ల ఏర్పడి ఉండవచ్చనీ. 'ఉండవచ్చు' అని రాసినందుకు ఆ పూట కొంత న్యాయంగానే ఉన్నానని నాకు నేను చెప్పుకున్నాను. పట్టిక ప్రకారమే అన్న మాట శుద్ధ అబద్ధం. పంపిణీ ఎవరు చేశారని ఆఫీసరు అడిగితే స్థానిక రైతు ఒకరన్నాను. మా మేనమామ అని చెప్పలేదు. పుస్తకం తెచ్చి ఇంట్లో నా పెట్టెలో పడేశాను.

రెండు వారాల తర్వాత ఆఫీసరు గారు ఊరొచ్చి షెడ్డు దగ్గర ఆ రిపోర్టును తెలుగు చేసి చదివారు. అందరూ మామయ్య వంక తిరిగారు. ఆయన చర్చి చొక్కా వేసుకుని వచ్చాడు. లేచి నన్నే అడిగాడు.

"ఇది నువ్వు రాసిందేనా?"

"అవును."

"ఇంకేమన్నా రాయాల్సింది ఉందా?"

లేదన్నట్టు తల తిప్పాను. ఆయన కూర్చున్నాడు. నూరు బారువల మాట, ఇరుసు మాట, పుస్తకం మాట, ఏదీ ఎత్తలేదు. ఆయన ఒక్కమాట ఎత్తితే నా ఉద్యోగం పోయేది. మర్నాడు ఆదివారం, చర్చిలో సంచి ఇంకొకరి చేతిలో ఉంది. అడిగి తీసుకున్నారో ఆయనే ఇచ్చాడో నేను కనుక్కోలేదు.

మరుసటి ఏడు కోతలయ్యాక వాముల కోసం మామయ్యను ఎవరూ పిలవలేదు. నాకు మాత్రం కబురొచ్చింది, టేపు పట్టుకుని రమ్మని. వెళ్లాను. అప్పటికి పర్మనెంటయ్యాను. మా ఇంటికి నాలుగిళ్ల అవతల వామి. కొలిచి కాగితం మీద గుణిస్తున్నాను. మామయ్య పొలం నుంచి వస్తూ ఆగాడు. ఏడెనిమిది నెలలుగా ఒకే ఇంట్లో తింటున్నాం గానీ అవసరానికి మించి మాట్లాడింది లేదు.

"ఎంతొచ్చింది?" అన్నాడు.

చెప్పాను.

"పౌన్లా, కిలోలా?"

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. చుట్టూ ఉన్నవాళ్లకు అది మామూలు ప్రశ్నే. ఇంటికి నడుస్తూ అడిగాను, ఎప్పుడు తెలిసిందని. పాతర అయిపోయిన వారానికే నా పెట్టెలోంచి పుస్తకం తీసి పాస్టరు గారి చేత చదివించుకున్నాడట. అంటే షెడ్డు దగ్గరికి తెలిసే వచ్చాడు.

"మరి అక్కడ చెప్పలేదేం మామయ్యా?"

"నువ్వు చెబుతావనుకున్నా," అన్నాడు.

కోపంతో అన్నా బాగుండేది. బస్సు కోసం చూసి, ఇక రాదని తెలిసి ఇంటికి తిరిగొచ్చిన మనిషిలా అన్నాడు. ఆ తర్వాత కూడా చెప్పవచ్చు. నేను చెప్పలేదు. ఆ వేసవిలోనే బదిలీ అడిగి వేరే చోటికి వెళ్లాను. ఆయన ఇంకో పదేళ్లు బతికాడు. ఆ పదేళ్లలో ఒక్క వామి మీదికీ ఆయన తాడు విసరలేదు.

ఈ మధ్యనే ఊరు వెళ్లాను. ఆ తొమ్మిది ఇళ్లలో అప్పటి మనుషులు నలుగురు మిగిలారు. ముందుగా గడప ముందు నిలబడి తిట్టిన ఆవిడ దగ్గరికి వెళ్లాను. ముసలిదైంది. దొడ్లో గేదెకు గడ్డి వేస్తోంది. నిలబడే మొత్తం చెప్పాను. పట్టిక, పౌండ్లు, బస్సు, రిపోర్టు. ఆమె గడ్డి వేయడం ఆపకుండా విన్నది. అయ్యాక చేతులు దులుపుకుంది.

"ఆయన్ని ఏమన్నానో నీకు తెలుసు. అరుగు మీదే ఉన్నావు," అంది.

ఉన్నానన్నాను.

"అప్పుడు నీకు తెలీదు. మర్నాడు తెలిసింది. తెలిశాకన్నా వచ్చి నా నోరు మూయించలేదేం బాబూ? ఆయన్ని చివరిదాకా పలకరించలేదు నేను. చచ్చిపోతే చూట్టానికీ రాలేదు. నాకూ ద్రోహం చేశావు గదయ్యా."

క్షమించమని అడుగుదామని వెళ్లినవాణ్ణి. ఆ మాట అడగలేదు. మిగతా ముగ్గురికీ చెప్పి వస్తానన్నాను.

"నోటితో చెప్పి ఏం లాభం," అంది. "ఆయన్ని కాయితం మీద దొంగని చేశావు. నలుగురిలో చదివించావు. ఇది కూడా కాయితం మీద రాయి. రాసి తీసుకొచ్చి నాకు చదివి వినిపించు. ఎక్కడన్నా తప్పిస్తే నేను చెబుతా."